దాతృత్వమా, ప్రచారవ్యయమా? : జెఫర్సన్ లేఖల పఠనంలో ఒక లోపం

పత్రికాస్వేచ్ఛను సమర్థించేవారు థామస్ జెఫర్సన్‌ను సాక్షిగా పిలవడం పరిపాటి. పత్రికలు లేని ప్రభుత్వం కంటె ప్రభుత్వం లేని పత్రికలే తనకు సమ్మతమని ఆయన 1787 జనవరిలో పారిస్ నుంచి ఎడ్వర్డ్ కారింగ్టన్‌కు రాశాడు. పత్రికల అసత్యాలను నిందించదలచినవారికీ ఆయనే సాక్షి. 1807 జూన్‌లో, అధ్యక్షపదవిలో ఉండగా, పత్రిక ముట్టనివాడే దాన్ని చదివేవాడికంటె విషయజ్ఞుడని జాన్ నార్వెల్‌కు రాశాడు. ఈ రెండింటి నడుమ గడచిన ఇరవై ఏళ్ల లేఖలను విడిచిపెట్టి ఆయన అభిప్రాయాన్ని నిర్ణయించడం సూక్తి సేకరణ అవుతుందే కాని పరిశోధన కాదు.

విడిచిపెట్టిన ఆ లేఖలలో ఉన్నది డబ్బు ప్రసక్తి. 1799 ఫిబ్రవరిలో, ఉపాధ్యక్షుడుగా ఉన్న జెఫర్సన్, రాజకీయ పోరాటానికి పత్రికే సాధనమనీ, ప్రతివారూ కలాన్నీ ధనాన్నీ అందుకు సమర్పించాలనీ జేమ్స్ మాడిసన్‌ను కోరాడు. అదే ఏడాది అక్టోబరులో జేమ్స్ కాలెండర్ అనే పత్రికారచయితకు లేఖ రాసి, అతడు పంపిన అచ్చు ప్రతులను మెచ్చుకొన్నాడు. ఆ లేఖ కింద సంతకం లేదు. తపాలా కార్యాలయాల కుతూహలం వల్ల సంతకం మానడం అలవాటైందని ఆయనే అందులో చెప్పుకొన్నాడు. ఆ ప్రతులు 1800లో 'ది ప్రాస్పెక్ట్ బిఫోర్ అస్' పేరుతో పుస్తకమై అధ్యక్షుడు జాన్ ఆడమ్స్‌ను తీవ్రంగా దూషించాయి. రాజద్రోహ చట్టం కింద కాలెండర్‌కు తొమ్మిది నెలల జైలు, 200 డాలర్ల జరిమానా పడ్డాయి.

1801లో అధ్యక్షుడైన జెఫర్సన్ అతణ్ణి క్షమించాడు గాని, అతడు ఆశించిన రిచ్మండ్ పోస్టుమాస్టరు ఉద్యోగం ఇవ్వలేదు. 1802లో కాలెండర్ ఎదురుతిరిగి, తనకు ధనసహాయం అందిందని చాటుతూ ఆ లేఖలను రిచ్మండ్ 'రికార్డర్' పత్రికలో బయటపెట్టాడు. అప్పుడు జేమ్స్ మన్రోకూ, 1804లో అబిగెయిల్ ఆడమ్స్‌కూ జెఫర్సన్ ఇచ్చిన సంజాయిషీ ఒక్కటే: అది కష్టాలలో ఉన్న మనిషికి చేసిన దానమని.

ఈ మాటను యథాతథంగా స్వీకరించే చరిత్రకారులతో నా విభేదం. ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టేవాడు అతడి అచ్చు ప్రతులను మెచ్చుకోనక్కరలేదు. ఆనాడు పార్టీలన్నీ పత్రికలను పోషించాయనీ, హామిల్టన్ సైతం అదే చేశాడనీ వారు సమాధానమిస్తారు. నిజమే. కాని అది అందరూ ఎరిగిన ఆచారమే అయితే, సమర్థనకు ఆ ఆచారమే చాలు. దానమనే మాట ఎందుకు వచ్చింది? లేఖలు దొరికితే వక్రీకరిస్తారన్న భయం ఆయనకు ఉండవచ్చు. అయినా, ఆ భయం సంతకం లేకపోవడానికే కారణం కాగలదు, దానమనే పేరుకు కాదు.

ఇక అసత్యాల మాట. సాలీ హెమింగ్స్ అనే బానిస స్త్రీతో జెఫర్సన్‌కు సంతానం ఉందని 1802లో రాసినవాడూ కాలెండరే. ఆ రాతలో పగ ఉంది, జాతిద్వేషం ఉంది. అయినా 1998 నాటి జన్యుపరీక్ష, 2000లో థామస్ జెఫర్సన్ ఫౌండేషన్ వెలువరించిన నివేదిక ఆ సంబంధం వైపే మొగ్గాయి. దుష్టుడు రాసినంత మాత్రాన వార్త అసత్యం కాదు. మహానుభావుడు వాపోయినంత మాత్రాన ఫిర్యాదు సత్యం కాదు. 1803లో థామస్ మెక్‌కీన్‌కు రాసిన రహస్య లేఖలో, ఎంపిక చేసిన కొందరు పత్రికాకర్తలపై అభియోగాలు మోపితే మేలని సూచించినవాడూ ఈ స్వేచ్ఛావాదే!

లేఖాసాహిత్య పరిశోధకులు గ్రహించవలసినది ఇదే. పత్రికల అబద్ధాలపై నాయకుడి ఆవేదనను, ఆ పత్రికలకు అతడు పంపిన డబ్బు ప్రస్తావనతో కలిపి చదవాలి. సంపాదకులు జమాఖర్చుల వాక్యాలను అల్పవిషయాలని తొలగించరాదు. నార్వెల్ లేఖను ఉదాహరించేవారు కాలెండర్ లేఖను దాచితే, వారు నిందించే పాక్షికత వారి వ్యాసాలలోనే చోటుచేసుకొంటుంది.