డిశ్చార్జి ఆలస్యమూ ప్రాణాంతకమే

వానలు మొదలయ్యాయి. డెంగీ, మలేరియా, టైఫాయిడ్ ఊళ్లకు ఊళ్లను మంచం పట్టించే కాలమిది. నల్లకుంట ఫీవర్ ఆసుపత్రిలో ఓపీ చీటీల కోసం బారులు, విశాఖ కేజీహెచ్‌కు మన్యం నుంచి వచ్చే జ్వరపీడితులు ఏటా చూస్తున్నదే. చివరికి వినిపించే జవాబూ ఒక్కటే: ‘బెడ్లు ఖాళీ లేవు’. ఆ మాట రాకముందే సర్కారు ఆసుపత్రులు మేల్కోకపోతే పరిస్థితి చేయి దాటుతుంది.

వంద పడకల వార్డులో రోగి సగటున 5 రోజులుంటే రోజుకు 20 మందిని చేర్చుకోవచ్చు. ఆ 5 రోజులు 6 అయితే 16, 17 మందికే చోటు. ఒక్క మంచమూ తగ్గలేదు, రోజుకు ముగ్గురు నలుగురికి మాత్రం తలుపు మూసుకుపోయింది.

ఆ ఆరో రోజు జబ్బు వల్ల వచ్చింది కాదు. పొద్దున రౌండ్స్‌లో పెద్ద డాక్టరు ‘ఇంటికి పంపొచ్చు’ అంటారు. హౌస్ సర్జన్ డిశ్చార్జి సమ్మరీ రాసేసరికి మధ్యాహ్నం దాటుతుంది. రక్తపరీక్ష రిపోర్టు ల్యాబ్ నుంచి రాదు. ఆరోగ్యశ్రీ కాగితాలు తెమిలేలోగా ఊరికి ఆఖరి బస్సు వెళ్లిపోతుంది. ఆ రాత్రీ మంచం ఆ రోగిదే. కింద క్యాజువాలిటీలో ఇంకొకరు స్ట్రెచర్ మీదే తెల్లవారుస్తారు. ఆ స్ట్రెచర్ 108 అంబులెన్స్‌ది అయితే బండి కూడా అక్కడే ఇరుక్కుంటుంది. అవతల మరో మండలంలో ప్రమాదం జరిగితే వెళ్లేదెవరు?

కొత్త మంచాలు వేశామన్న ప్రకటనతో సరిపెట్టడం కుదరదు. 2021 మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ ట్యాంకర్ రావడం ఆలస్యమై, ఒత్తిడి పడిపోయి 11 మంది కొవిడ్ రోగులు చనిపోయారు. వారంతా పడక దొరికినవారే. సిస్టర్లు, ఆక్సిజన్, సెలైన్ లేని అదనపు వార్డు కాగితం మీది లెక్కే.

చేయాల్సినవి తక్షణం చేయాలి. రేపు ఇంటికి పంపదగినవారి జాబితా ఈ సాయంత్రమే సిద్ధం కావాలి. సమ్మరీ, మందుల చీటీ రాత్రికే రాసి, ఉదయం 11 గంటలకల్లా మంచం ఖాళీ చేయించాలి. ఆదివారమైనా, పండగైనా ఇదే పద్ధతి. కింది ఆసుపత్రులు ముందు ఫోన్ చేసి, ఖాళీ ఉందని తేలాకే రిఫర్ చేయాలి. నూటికి 85 పడకలు నిండగానే అదనపు వార్డు తెరవాలి.

అలాగని లెక్క చూపడానికి రోగిని తోలేయడం ఘోరం. డెంగీలో జ్వరం తగ్గాకే అసలు గండం. ఆ తర్వాతి ఒకటి రెండు రోజులు కనిపెట్టుకుని ఉండాల్సిందే.

ప్రజలూ ఒక మాట గుర్తుంచుకోవాలి. జ్వరం రాగానే పెద్దాసుపత్రికి పరుగెత్తక్కర్లేదు, ముందు దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించుకోండి. కానీ ఆగని వాంతులు, తీవ్రమైన కడుపునొప్పి, చిగుళ్ల నుంచి రక్తం, మగత, మూత్రం తగ్గడం వీటిలో ఏ ఒక్కటి కనిపించినా క్షణం ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి చేరండి.

కలెక్టర్లు ఈ వారం నుంచే వార్డులు తిరగాలి. ఇంటికి పంపొచ్చని రాశాక కూడా మధ్యాహ్నం పన్నెండింటికి ఎందరు మంచం మీదే ఉన్నారో లెక్కించి, ఆ సంఖ్యను రోజూ ఆసుపత్రి గేటు దగ్గర రాసి పెట్టించాలి.