మన నీటి బురుజు ఎక్కడుంది?

జర్మనీలో ల్యూనెబర్గ్ అనే ఊళ్ళో ఎర్ర ఇటుకలతో 1907లో కట్టిన వాటర్ టవర్ ఒకటుంది. ఎత్తు 56 మీటర్లు. 1985లో దాని పని అయిపోయింది. అయినా కూలగొట్టలేదు. జనం పైకెక్కి ఊరంతా చూసి సంతోషిస్తున్నారు.

“మన శంషాబాద్‌లో అట్లాంటిదేముంది, ఎయిర్‌పోర్టు తప్ప?” అంటారు మిత్రులు. నేను ఒప్పుకోను. నీటి బురుజు గొప్పతనం ఇటుకలో లేదు, ఎత్తులో ఉంది. పది మీటర్ల ఎత్తున నీళ్ళు నిలిపితే కింది కుళాయిలో చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో ఒత్తిడి పుడుతుంది. ఆ ఎత్తును మోయడానికే గోడ! గోల్కొండ పాలకులకు ఈ సంగతి బాగా తెలుసు. పర్షియన్ చక్రాలతో అంచెలంచెలుగా నీళ్ళు పైకి తోడించి, మట్టి గొట్టాల గుండా మహళ్ళకు పారించారు.

1908 మూసీ వరద తర్వాత విశ్వేశ్వరయ్యగారి సూచనలతో ఉస్మాన్‌సాగర్ (1920), ఈసీ నది మీద హిమాయత్‌సాగర్ (1927) వెలిశాయి. హిమాయత్‌సాగర్ నిండుమట్టం 1,763.5 అడుగులు. పాతబస్తీ అంతకంటే పల్లం. కనుక నీళ్ళు వాటంతటవే దిగి వెళ్ళేవి. ఇప్పుడు కృష్ణా, గోదావరి నీళ్ళను వంద కిలోమీటర్లకు పైగా దూరం నుంచి కరెంటు ఖర్చుపెట్టి ఎక్కించి తెచ్చుకుంటున్నాం! మన పక్కనున్న సాగరే మన నీటి బురుజు. చుట్టూ ఉన్న నేల, వాగులే దాని గోడలు.

ఇటుక గోడ బీటలిస్తే దారినపోయే వాడికైనా కనబడుతుంది. వాగుకు అడ్డంగా ప్లాటు గోడ లేస్తే ఎవరికి కనబడుతుంది? అందుకే 1996లో 111వ జీవో 84 గ్రామాల్లో నిర్మాణాలకు హద్దు గీసింది. 2022లో ఆ ఆంక్షలను తొలగిస్తూ 69వ జీవో వచ్చింది. ఆ పల్లెల రైతు బాధ అబద్ధం కాదు. పక్క ఊళ్ళో ఎకరం కోట్లు పలుకుతుంటే, పట్నం నీళ్ళ కోసం తానొక్కడే ఎందుకు నష్టపోవాలి? న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు, నీళ్ళు తాగే పట్నం ఆ రైతుకు తగిన ప్రతిఫలం ఇవ్వడం. అంతేగాని, బురుజు గోడను ముక్కలుగా అమ్ముకోవడం కాదు.

విద్యార్థి మిత్రులారా! చార్మినార్ మీద ఎవరైనా పేరు చెక్కితే మనకు కోపమొస్తుంది గదా. వాగు పూడితే కూడా అంత కోపం రావాలి. ఈ ఏటి విహారయాత్ర హిమాయత్‌సాగర్ కట్ట మీదికి పెట్టుకుందాం. కట్టనే కాదు, నీళ్ళొచ్చే దారిని కూడా నడిచి చూద్దాం.