హెర్బ్‌కి నెల్ ఏమీ బాకీ లేదు

'ది బ్యాలడ్ ఆఫ్ వాలిస్ ఐలండ్' (2025) చూసిన మిత్రులు "వాళ్ళిద్దరూ కలిసుంటే బావుండేది" అంటుంటే నాకు ఒళ్ళు మండుతోంది. ఎందుకు కలవాలండీ? పేరు మాసిన గాయకుడు హెర్బ్ ఐదు లక్షల పౌండ్ల కోసం ఆ దీవికొచ్చాడు. ఒకప్పటి జోడీ నెల్ భర్తతో సహా దిగింది. ఆమె పాట మానేసి చట్నీలు అమ్ముకుంటోంది, హాయిగానే ఉంది. అదేదో పతనమైనట్టు జాలెందుకు? హెర్బ్ వెతుక్కునేది తన పాత వైభవాన్ని. దాన్ని ప్రేమనుకోవడం మనకి సినిమాలు చేసిన అలవాటు.

అసలు పోగొట్టుకున్నవాడు చార్ల్స్. చనిపోయిన భార్యకి ఇష్టమైన పాటల్ని లాటరీ డబ్బు పెట్టి ఇంటికి రప్పించుకున్నాడు. ఆమె రాదని అతనికి తెలుసు. చివర్లో హెర్బ్ అతని కోసం పాడతాడే, అక్కడ ఏడవండి, నేనూ ఏడ్చాను.