మూయరాని ద్వారము

మహమ్మారి యూరిలో అడుగు పెట్టినంతమాత్రమున తక్కిన యాపదలు సెలవు పుచ్చుకొనవు. 2020వ సంవత్సరము మార్చి 25వ తేదీనుండి దేశమంతట లాక్‌డౌను అమలునకు వచ్చెను. రైళ్లు నిలిచెను, అంగళ్లు మూతపడెను. సాధారణ రోగులను చూచు విభాగములు పెక్కుచోట్ల మూయబడి, వైద్యులును నర్సులును పడకలును కోవిడు వార్డులకు తరలింపబడెను. అది యానాటికి తప్పనిది. కాని స్నానపుగదిలో జారిపడిన వృద్ధురాలికిని, కట్టుచున్న మేడపైనుండి పడిన కూలివానికిని, చీకటిలో మోటారుసైకిలు బోల్తాపడిన పడుచువానికిని ఆ దినములలో ఏ తలుపు తెరచియుండెను? మహమ్మారి గడచిపోయినది గదా యని ఈ ప్రశ్నను కూడ పాతిపెట్టుట క్షేమము కాదు.

రోడ్లు నిర్మానుష్యములైనవి గనుక గాయపడినవారును తగ్గియుందురని కొందరు వాదింతురు. తగ్గినమాట నిజమే. కేంద్ర రవాణాశాఖవారి లెక్కల ప్రకారము 2019లో దేశమున 4,49,002 రోడ్డు ప్రమాదములు జరుగగా 1,51,113 మంది మరణించిరి. 2020లో ప్రమాదములు 3,66,138, మరణములు 1,31,714. ఈ యంకెలను ఒకదానిప్రక్క నొకటి పెట్టి చూచిన వేరొక సంగతి బయటపడును. మొదటి యేట నూరు ప్రమాదములకు సుమారు 34 మంది చనిపోగా, రెండవ యేట 36 మంది చనిపోయిరి. ప్రమాదములు తగ్గినంతగా చావులు తగ్గలేదు. దీనినంతటిని ఆసుపత్రుల నెత్తిన రుద్దుట న్యాయము కాదు. ఖాళీ రోడ్డుపై బండ్లు వేగముగా పోవును, ఆ వేగమున తగిలిన దెబ్బ ప్రాణాంతకమగును. పైగా కాలినడకనో లారీలపైననో ఇండ్లకు మరలుచుండిన వలసకూలీలు దారులయందే యుండిరి. మే 16వ తేదీన ఉత్తరప్రదేశమునందలి ఔరైయా దగ్గర అట్టివారు ఇరువదిమందికి పైగా లారీ ప్రమాదమున మడిసిరి. లక్షా ముప్పదివేల చావులు జరిగిన సంవత్సరమును ప్రమాదములు లేని సంవత్సరమని యెవ రనగలరు?

తలగాయము తక్కిన గాయములవంటిది కాదు. విరిగిన చేయి రేపటివరకు ఆగును. పుర్రెలోపల కారుచున్న నెత్తు రాగదు. దెబ్బ తగిలినవాడు ఒక్కొక్కప్పుడు లేచి కూర్చుండును, మంచినీళ్లడుగును, తనకేమియు కాలేదనును. చుట్టునున్నవారు గండము గడచినదనుకొందురు. గంట గడచునప్పటికి తలనొప్పి, వాంతి, మగత. ఆపైన ఒక కంటిపాప పెద్దదగును, పిలిచిన పలుకడు. పుర్రెకును, మెదడును కప్పియున్న పొరకును నడుమ నెత్తురు చేరుచుండుటయే దీనికి కారణము. పుర్రె సాగదు, చోటు చాలక నలిగిపోవునది మెదడే. ఆ నెత్తుటిగడ్డను సకాలమున తీసివేసినచో మనుష్యుడు తిరిగి తన పనికి పోగలడు. 1981లో అమెరికా వైద్యులు ప్రకటించిన పరిశీలనలో, మెదడుపొర క్రింద నెత్తురు చేరి స్మృతి తప్పినవారిలో నాలుగు గంటలలోపల శస్త్రచికిత్స జరిగినవారు నూటికి 30 మంది చనిపోగా, ఆ గడువు దాటినవారు 90 మంది చనిపోయిరి. తరువాతి పరిశీలనలన్నిటను అంతటి భేదము కనబడలేదు. ఐనను ఆలస్యము మేలని చెప్పిన వైద్యుడు లేడు. 2019లో వెలువడిన మరియొక పరిశోధనలో, 29 దేశములలో 12,000 మందికి పైగా రోగులను చేర్చుకొని ట్రానెక్సామిక్ ఆమ్లమను చౌకమందును పరీక్షించిరి. గాయము మరీ తీవ్రము కానివారికి మూడు గంటలలోపల ఇచ్చినప్పుడు ఆ మందు మరణములను తగ్గించెను. ఎటు చూచినను గంటల లెక్కయే.

ఆ గంటలు మహమ్మారి కాలమున ఎక్కడ ఖర్చయ్యెను? ఆసుపత్రి గడపమీద. “ముందు కోవిడు పరీక్షాఫలితము తెండు” అనుమాట ఆ దినములలో విననివారు కొద్ది. ఆ ఫలితము వచ్చుటకు ఒకచోట పూట, ఒకచోట రెండు దినములు పట్టెడిది. స్పృహ లేనివాడు తనకు దగ్గు వచ్చెనో లేదో చెప్పలేడు. చెప్పగలవారిని, అనగా తోడు వచ్చినవారిని, లోనికి రానీయరు. వాంతి ఊపిరితిత్తులలోనికి పోయి జ్వరమును ఆయాసమును పుట్టినచో, అది గాయపు ఫలమో క్రొత్త వ్యాధియో తేలక, వానిని అనుమానితుల వార్డునకు పంపివేయుట సులభము. ఇక మద్యపు వాసన వచ్చెనా, త్రాగి పడియున్నాడు, తెల్లవారిన లేచునని తేల్చివేయు దురలవాటు మహమ్మారికి పూర్వమునుండియు నున్నదే.

వైద్యుల భయమును మేము తేలికగా కొట్టివేయము. స్మృతి తప్పినవాని గొంతులోనికి గొట్టము దింపునప్పుడు ఊపిరి తుంపరలు వైద్యుని ముఖముపైననే పడును. మొదటి నెలలలో రక్షణదుస్తులు చాలినన్ని లేవు. రోగులను కాపాడబోయి ప్రాణములు విడిచిన వైద్యులు, నర్సులు మనదేశమున పెక్కురు. కాని ఆ భయమునకు విరుగుడు తలుపు మూయుట కాదు. అత్యవసరముగా వచ్చిన ప్రతివానిని వ్యాధి సోకినవానిగానే భావించి, రక్షణ ధరించి పని మొదలుపెట్టుడని శస్త్రవైద్యులే ఆనాడు ఒండొరులకు సలహా యిచ్చుకొనిరి. పరీక్షకు నమూనా తీసికొనవచ్చును, ఫలితముకొరకు ఆగనక్కరలేదు. తలకు స్కాను తీయునప్పుడే రొమ్మునకును తీయవచ్చును. కొన్ని ఆసుపత్రులు అట్లే చేసెను. 2020 ఏప్రిలు కడపట కేంద్ర ఆరోగ్యశాఖ కూడ, కోవిడు పరీక్ష కావలెనని పట్టుపట్టి అవసర చికిత్సలను ఆపరాదని రాష్ట్రములకు వ్రాసెను. ఢిల్లీలో వ్రాసిన యుత్తరము ఆసుపత్రి గేటుదగ్గరి కావలివాని చెవికి చేరుటకు ఎన్ని దినములు పట్టునో!

హైదరాబాదు సంగతి చూడుడు. అచ్చటి పేదలకు దిక్కైన పెద్ద ఆసుపత్రులలో గాంధీ ఆసుపత్రిని 2020లో కోవిడు రోగులకే ప్రత్యేకించిరి. 2021లో మరల అట్లే చేసిరి. అంటురోగులను ఒకచోట చేర్చుటలో వివేకము లేకపోలేదు. కాని ఆ గుమ్మమునకు నిత్యము వచ్చుచుండిన క్షతగాత్రుల బరువు తక్కిన ఆసుపత్రులపై, ముఖ్యముగా ఉస్మానియాపై, పడకతప్పదు. ఆ ఉస్మానియా పాతభవనపు వార్డులలోనికి 2020 జూలైలో వాననీరు చొరబడెను. రోగులను తరలించి ఆ భవనమును ఖాళీ చేయవలసి వచ్చెను. ఇంటి స్తంభములలో ఒకదానిని తీయునపుడు తక్కినవాని బలమును ముందుగా చూచుకొనవలదా?

చట్టము లేక కాదు ఈ దుస్థితి. స్కూటరుపై పోవుచు గాయపడిన యొకనిని, అది పోలీసు కేసు గనుక తాము చూడరాదని ఆసుపత్రివారు దూరమున నున్న వేరొక యాసుపత్రికి పంపగా వాడు దోవలోనే ప్రాణము విడిచెను. ఆ సందర్భమున 1989లో సుప్రీంకోర్టు, ప్రభుత్వవైద్యుడైనను ప్రైవేటు వైద్యుడైనను ప్రాణము కాపాడుట తన మొదటి విధియని తీర్పు చెప్పెను. 1996లో వంగదేశమునుండి వచ్చిన కేసు మన విషయమునకు మరింత దగ్గరిది. 1992 జూలైలో రైలునుండి పడి, తల పగిలి, మెదడులో నెత్తురు కారుచున్న ఒక పేదవానిని ప్రభుత్వ ఆసుపత్రులు ఒకటి వెనుక నొకటి త్రిప్పిపంపెను. ఇచట పడక లేదు, అచట సాధనము లేదు. తుదకు వాడు కలకత్తాలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరి, సుమారు 17,000 రూపాయలు వ్యయపరచుకొనెను. కోర్టు 25,000 రూపాయల పరిహార మిప్పించి, ధనము చాలదను సాకు ప్రాణరక్షణ విషయమున చెల్లదని తేల్చెను. ఏ ఆసుపత్రిలో పడక ఖాళీగా నున్నదో వెంటనే తెలిసికొను ఏర్పాటు కావలెనని కూడ చెప్పెను. అప్పుడు మహమ్మారి లేదు. ఇరువదినాలు గేండ్లకు మహమ్మారి వచ్చినప్పుడును వినబడినవి ఆ మాటలే.

ఆంబులెన్సుల విషయమున తెలుగునాడు వెనుకబడినది కాదు. 108 సేవ 2005 ఆగస్టు 15వ తేదీన మొదలైనది హైదరాబాదులోనే. 2020 జూలై 1వ తేదీన ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 108, 104 సేవలకు 1,088 వాహనములను ఒక్కదినమున రోడ్డెక్కించెను. కాని బండి వచ్చుట సగము పని. అది ఏ గుమ్మము ముందు ఆగవలయునో నడుపువానికి తెలియుట తక్కిన సగము. కనుక ప్రతి జిల్లాకును, ఎంతటి మహమ్మారి వచ్చినను వేరు పనికి మార్చరాని గాయముల విభాగ మొకటి యుండవలయును. స్కానుయంత్రము, శస్త్రవైద్యుడు, మత్తుమందు వైద్యుడు, నిలువయుంచిన నెత్తురు, వెంటిలేటరు దానికి విడిగా నుండవలయును. దాని పేరు ఆంబులెన్సువారికిని, పోలీసులకును, పల్లెలలోని ఆశా కార్యకర్తలకును నేడే తెలియవలయును. చిన్న ఆసుపత్రులలో గ్లాస్గో కొలత అందరకు నేర్పవలయును. కన్ను, మాట, కదలిక చూచి 3 మొదలు 15 వరకు వేయు ఆ లెక్కకు యంత్రముతో పనిలేదు. 8కి దిగినవాని ఊపిరిదారిని ముందు కాపాడి, పిమ్మట బండి ఎక్కింపవలయును. రోగిని త్రిప్పిపంపిన ప్రతి ఆసుపత్రియు గంటా నిమిషములతోసహా కారణమును కాగితముపై వ్రాసి యిచ్చునట్లు నిబంధన పెట్టవలయును. నోటిమాటకు రేపు జవాబుదారి యుండడు.

పాఠకులు తమ పట్టణపు ఆసుపత్రి సూపరింటెండెంటును అడుగవలసిన ప్రశ్న యొకటి కలదు: మరల వార్డులన్నియు అంటురోగులతో నిండియున్న రాత్రి, రెండు గంటలకు తల పగిలినవానిని తెచ్చినచో ఏ గదిలోనికి తీసికొనిపోవుదురు? ఆ గదిని చూపలేనిచోట అదే ప్రశ్నను జిల్లా కలెక్టరుకును, తమ శాసనసభ్యునికిని వ్రాసి పంపి, ప్రత్యుత్తరము వచ్చిన తేదీని పఠనమందిరపు గోడపై అంటింపవలయును.