చెరపినను చెరగని వ్రాత

కంప్యూటరులో నొక యుత్తరమును తొలగించినంతనే యది నశించినదని పలువురు నమ్ముదురు. నిజమునకు చెరుగునది విషయసూచికలోని పేరు మాత్రమే. పుట యట్లే యుండును. దానిపై వేఱొక వ్రాత పడువఱకు నేర్పరి దానిని చదువగలడు.

2000–2002 నడుమ అమెరికాలో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చెందిన యిద్దఱు పరిశోధక విద్యార్థులు వాడిన హార్డుడిస్కులను 158 కొని పరీక్షించిరి. పనిచేసిన 129 డిస్కులలో సరిగా తుడువబడినవి 12 మాత్రమే! కొన్నింట ప్రేమలేఖలును, వైద్యవిషయములు గల యుత్తరములును, క్రెడిట్ కార్డు సంఖ్యలును బయల్పడినవి.

అమ్మినవారిని నిందించుట సులభము. కాని ‘తొలగింపు’ అను మీట నమర్చి, తొలగింపని యంత్రమును చేసినవారిదే పెద్ద తప్పు. దాచుకొనువాడెల్ల దొంగ కాడు. 2017లో భారత సుప్రీంకోర్టు గోప్యతను ప్రాథమికహక్కుగా నిర్ణయించినది. కావున పాత కంప్యూటరు నమ్మువాడు హార్డుడిస్కు నిండ క్రొత్త వ్రాత వ్రాయించియే యితరుల చేతి కీయవలెను.