ఈఎంఐ ఆగుతుంది.. వడ్డీ ఆగదు!

కౌన్సెలింగ్ సీజన్ వచ్చిందంటే నాకొచ్చే మెసేజ్‌లు మారిపోతాయి. ‘ఏ బ్రాంచ్ తీసుకోవాలి అన్నా’ అని అడిగినవాళ్లే, సీటు వచ్చిన వారానికి ‘ఫీజు ఎలా కట్టాలి అన్నా’ అని అడుగుతారు. ఈ వారం ఒక చెల్లి పంపిన మెసేజ్ ఇది.

“అన్నా, కన్వీనర్ కోటాలో సీఎస్‌ఈ వచ్చింది. ఫీజు ఏడాదికి లక్షన్నర. నాన్నకి కిరాణా కొట్టు. ఏడాదికి 4 లక్షల లోపే వస్తుంది. కానీ రీయింబర్స్‌మెంట్‌కి ఆదాయ పరిమితి దాటామన్నారు. బ్యాంకుకెళ్తే ఇంటి కాగితాలు తెమ్మంటున్నారు. అమ్మ భయపడుతోంది. చదువయ్యేదాకా ఏమీ కట్టక్కర్లేదు కదా, తీసేసుకోమంటారా?”

అమ్మ భయం ఇంటి కాగితాల గురించి. నా భయం మాత్రం ఆ చివరి వాక్యం గురించి. ‘ఏమీ కట్టక్కర్లేదు’ అన్న మాటని మనలో చాలామంది ‘ఏమీ పెరగదు’ అని వింటాం. మా టీమ్‌లో ఒకతను ఉద్యోగంలో చేరాక లోన్ స్టేట్‌మెంట్ తెరిచి, “నేను తీసుకున్నది ఇంత కాదే” అన్నాడు. అతన్ని ఎవరూ మోసం చేయలేదు. సంతకం పెట్టిన కాగితంలో అంతా ఉంది. లెక్క వేసి చూపించినవాళ్లే లేరు. నేను బ్యాంకర్ని కాదు, కోడ్ రాసుకునే మనిషిని. కానీ ఎక్సెల్ షీట్ వేయడం వచ్చు కాబట్టి, ఈ వారం ఆ లెక్క వేద్దాం.

ముందు తిరిగి కట్టక్కర్లేని డబ్బు

లోన్ ఫారం నింపేముందు, తిరిగి కట్టాల్సిన పనిలేని డబ్బు ఎక్కడెక్కడ ఉందో చూడండి.

అమ్మాయిలకి ఏఐసీటీఈ ఇచ్చే ప్రగతి స్కాలర్‌షిప్ ఉంది. ఏడాదికి 50 వేలు. కుటుంబ ఆదాయం 8 లక్షలు మించకూడదు, కాలేజీకి ఏఐసీటీఈ గుర్తింపు ఉండాలి. ఒక ఇంట్లో ఇద్దరమ్మాయిల వరకు తీసుకోవచ్చు. దివ్యాంగ విద్యార్థులకి ఇలాంటిదే సక్షమ్. రెండిటికీ నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లోనే దరఖాస్తు. మెరిట్ చూసి ఇస్తారు కాబట్టి వస్తుందన్న గ్యారంటీ లేదు. అయినా గంట కూర్చుని ఫారం నింపితే నాలుగేళ్లలో 2 లక్షలు వచ్చే అవకాశం ఉన్నప్పుడు ఆ గంట పెట్టాల్సిందే.

ఐఐటీ, ఎన్‌ఐటీల్లో సీటు వచ్చినవాళ్ల లెక్క వేరు. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకి ట్యూషన్ ఫీజు పూర్తిగా మాఫీ. మిగతావాళ్లలో కుటుంబ ఆదాయం లక్ష లోపు ఉంటే పూర్తి మాఫీ, లక్ష నుంచి 5 లక్షల మధ్య ఉంటే మూడింట రెండొంతులు మాఫీ. హాస్టల్, మెస్ ఖర్చులు మాత్రం విడిగా ఉంటాయి.

ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి అర్హత ఉన్నవాళ్లు రెండు విషయాలు గుర్తుంచుకోండి. మేనేజ్‌మెంట్ కోటాలో చేరితే అది రాదు. కన్వీనర్ కోటాలో చేరినా, ప్రభుత్వం నుంచి డబ్బు ఆలస్యమైతే కాలేజీ మిమ్మల్నే కట్టమనొచ్చు. కడితే రశీదు జాగ్రత్తగా దాచుకోండి.

ప్రైవేటు యూనివర్సిటీ ‘50 శాతం స్కాలర్‌షిప్’ అంటే, అది నాలుగేళ్లకా, మొదటి ఏడాదికేనా అని అడగండి. రెండో ఏడాది నుంచి ఫలానా సీజీపీఏ ఉంటేనే అని కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. సీజీపీఏ తగ్గితే ఎంత కట్టాలో ఆ అంకె కూడా ఇప్పుడే రాసుకోండి.

ఇంటి కాగితాలు ఎప్పుడు ఇవ్వాలి?

బ్యాంకులు పాటించే ఐబీఏ నమూనా పథకం ప్రకారం 7.5 లక్షల వరకు లోన్‌కి తనఖా అక్కర్లేదు. అమ్మానాన్నల్లో ఒకరు కో-అప్లికెంట్‌గా సంతకం పెడితే చాలు. మీరు కట్టలేకపోతే బ్యాంకుకి వచ్చే నష్టంలో చాలా భాగాన్ని భరించేందుకు కేంద్రం ఏర్పాటు చేసిన గ్యారంటీ ఫండ్ ఉంది.

ఈ చెల్లికి కావాల్సింది ఏడాదికి లక్షన్నర చొప్పున నాలుగేళ్లకి 6 లక్షలు. కాబట్టి ఇంటి కాగితాల అవసరం రాకూడదు. బ్రాంచిలో నోటిమాటగా ‘కుదరదమ్మా’ అంటే అక్కడితో వదిలేయకండి. విద్యాలక్ష్మి పోర్టల్‌లో దరఖాస్తు పెడితే దానికో రికార్డు ఉంటుంది. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడగండి. బ్యాంకుకి ఫిర్యాదు చేసి 30 రోజులైనా జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చు. దానికి ఫీజు లేదు.

6 లక్షలు ఎంతవుతుంది?

ఇప్పుడు అసలు లెక్క. చదువు కాలం, ఆపైన ఇంకో ఏడాది.. ఈ గడువుని మారటోరియం అంటారు. ఇంజినీరింగ్‌కి మొత్తం ఐదేళ్లు. ఈ ఐదేళ్లు ఈఎంఐ ఉండదు. కానీ బ్యాంకు కాలేజీకి డబ్బు పంపిన రోజు నుంచే ఆ మొత్తం మీద వడ్డీ మొదలవుతుంది. ఊరట ఏంటంటే, ఈ కాలంలో వేసేది బారువడ్డీ. వడ్డీ మీద వడ్డీ పడదు.

వడ్డీ రేటు 10 శాతం అనుకుందాం. మీ బ్యాంకు రేటు వేరే ఉండొచ్చు, లెక్క పద్ధతి ఇదే. లక్షన్నర మీద ఏడాదికి వడ్డీ 15 వేలు.

మొదటి ఏడాది ఫీజు మీద ఐదేళ్ల వడ్డీ: 75 వేలు.
రెండో ఏడాది ఫీజు మీద నాలుగేళ్ల వడ్డీ: 60 వేలు.
మూడో ఏడాది ఫీజు మీద మూడేళ్ల వడ్డీ: 45 వేలు.
నాలుగో ఏడాది ఫీజు మీద రెండేళ్ల వడ్డీ: 30 వేలు.

మొత్తం 2 లక్షల 10 వేలు. అంటే మొదటి ఈఎంఐ కట్టే రోజుకి మీ అప్పు 6 లక్షలు కాదు, 8 లక్షల 10 వేలు. ఇక్కడి నుంచి ఈ మొత్తానికీ వడ్డీ పడుతుంది.

పదేళ్లలో తీర్చాలంటే నెలకి సుమారు 10,700 ఈఎంఐ. అందులో మొదటి నెల 6,750 వడ్డీకే పోతుంది. అసలు తగ్గేది 4 వేల లోపే. పదేళ్లకి మొత్తం కట్టేది దాదాపు 12 లక్షల 85 వేలు. పదిహేనేళ్లు పెట్టుకుంటే ఈఎంఐ 8,700కి తగ్గుతుంది. కానీ కట్టే మొత్తం 15 లక్షల 66 వేలు దాటుతుంది. ఈఎంఐ తక్కువుందని సంబరపడేముందు ఈ రెండు మొత్తాలూ పక్కపక్కన పెట్టి చూడండి.

ఆ 2.10 లక్షలు ప్రభుత్వమే కట్టొచ్చు

ఈ చెల్లి ఇంటి ఆదాయం 4 లక్షల లోపు అంది కదా. అదే ఇక్కడ పనికొస్తుంది. కుటుంబ వార్షికాదాయం 4.5 లక్షల లోపు ఉండి, ఇంజినీరింగ్ లాంటి ప్రొఫెషనల్ కోర్సు మన దేశంలోనే చదువుతుంటే, మారటోరియం కాలంలో 10 లక్షల వరకు లోన్ మీద పడే వడ్డీ మొత్తాన్ని కేంద్రం భరించే పథకం ఉంది. దాన్నే సీఎస్ఐఎస్ అంటారు. 2009 నుంచి నడుస్తోంది. అంటే పై లెక్కలో 2 లక్షల 10 వేలు ఎగిరిపోతాయి. ఈఎంఐలు 6 లక్షల మీదే మొదలవుతాయి.

దీనికి షరతులున్నాయి. కాలేజీకి న్యాక్ లేదా కోర్సుకి ఎన్‌బీఏ గుర్తింపు ఉండాలి. లోన్ షెడ్యూల్డ్ బ్యాంకులో ఐబీఏ పథకం కింద తీసుకోవాలి. ‘రెండు రోజుల్లో శాంక్షన్’ అని ఫోన్ చేసే ఫైనాన్స్ కంపెనీ లోన్‌కి ఇది రాదు. తహసీల్దార్ ఇచ్చిన ఆదాయ ధ్రువపత్రం బ్యాంకులో ఇవ్వాలి. చదువు మధ్యలో మానేస్తే రాయితీ పోతుంది. అన్నిటికంటే ముఖ్యం, మీ తరఫున క్లెయిమ్ పెట్టాల్సింది బ్యాంకే. ‘సీఎస్ఐఎస్ కింద నా పేరు పెట్టారా’ అని మీరే అడగాలి. ప్రతి ఏడాదీ అడగాలి.

2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం-విద్యాలక్ష్మి పథకం ఇంకొకటి. ఎంపిక చేసిన నాణ్యమైన విద్యాసంస్థల్లో మెరిట్ మీద సీటు తెచ్చుకున్నవాళ్లకి తనఖా, షూరిటీ లేకుండా లోన్ ఇస్తారు. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉంటే 10 లక్షల వరకు లోన్ మీద మారటోరియంలో 3 శాతం వడ్డీ రాయితీ. ఇతర ప్రభుత్వ స్కాలర్‌షిప్పులు, వడ్డీ రాయితీలు తీసుకునేవాళ్లకి ఈ 3 శాతం రాదు. అందుకే ఒకటి తీసుకుంటే ఇంకోటి పోతుందా అన్నది ముందే కనుక్కుని, దేనివల్ల ఎక్కువ మిగులుతుందో చూసి ఎంచుకోండి.

రాయితీ రాకపోతే?

అప్పుడు ఈఎంఐ కట్టక్కర్లేకపోయినా, నెలనెలా వడ్డీ మాత్రం కట్టేయండి. మన లెక్కలో మొదటి ఏడాది అది నెలకి 1,250. రెండో ఏడాది 2,500, మూడో ఏడాది 3,750, ఆ తర్వాత 5 వేలు. ఇలా కడితే పదేళ్ల లోన్‌లో మొత్తం మీద 1 లక్షా 23 వేలు మిగులుతాయి. చదువుకునేటప్పుడే వడ్డీ కట్టేవాళ్లకి రేటులో 1 శాతం వరకు తగ్గించే వీలు కూడా ఐబీఏ పథకంలో ఉంది. మీ బ్యాంకు ఇస్తుందేమో అడగండి. మూడో ఏడాది నుంచి ఇంట్లో కుదరకపోతే, కుదిరినంతే కట్టండి. ఎంత కట్టినా ఆ మేరకు 8.10 లక్షలు అన్న అంకె తగ్గుతుంది.

ఉద్యోగం వచ్చాక చేతిలో డబ్బుంటే ముందే కట్టేయొచ్చు. ఫ్లోటింగ్ రేటు లోన్ అయితే దానికి పెనాల్టీ వేయకూడదు. కట్టిన వడ్డీకి ‘80ఇ’గా మనకి తెలిసిన పన్ను మినహాయింపు ఎనిమిదేళ్ల వరకు ఉంటుంది. కానీ పాత పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకే.

సంతకానికి ముందు బ్యాంకులో ఈ నాలుగూ అడగండి. రేటు ఫ్లోటింగా, ఫిక్సెడా? మారటోరియంలో బారువడ్డీయేనా? లోన్‌తో పాటు అంటగడుతున్న ఇన్సూరెన్స్ తప్పనిసరా, దాని ప్రీమియం లోన్‌లో కలుపుతున్నారా? మొదటి ఈఎంఐ రోజుకి నా అప్పు మొత్తం ఎంత ఉంటుంది? చివరిదానికి జవాబు కాగితం మీద రాయించుకోండి.

ఇంకో మాట. ఐదేళ్లు పూర్తయ్యేసరికి ఉద్యోగం రాకపోవచ్చు. అలాంటప్పుడు చాలామంది బ్యాంకు ఫోన్ ఎత్తరు. 90 రోజులు కట్టకపోతే లోన్ ఎన్‌పీఏ అవుతుంది. అప్పుడు మీ సిబిల్ స్కోర్‌తో పాటు కో-అప్లికెంట్‌గా సంతకం పెట్టిన నాన్న స్కోర్ కూడా పడిపోతుంది. కొట్టులోకి సరుకు కోసం ఆయన లోన్ అడిగినా ఇవ్వరు. అందుకే మొదటి ఈఎంఐ తేదీకి రెండు నెలల ముందే బ్రాంచికి వెళ్లి, ఉన్న పరిస్థితి చెప్పి, గడువు పెంచమని లెటర్ ఇవ్వండి. ఒప్పుకుంటారని చెప్పలేను. కానీ వాయిదా తప్పకముందు వచ్చి అడిగినవాళ్లతో మాట్లాడినట్టు, తప్పిన తర్వాత మాట్లాడరు.