సాంఘిక న్యాయం - కడబంతి

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిని కూర్చున్నా ఫరవాలేదని సామెత. ఇందులో లోకానుభవం ఉన్నది గాని న్యాయం లేదు. వడ్డించేవాడు ఎవరైనా సరే, కడబంతిలో కూర్చున్నవాని విస్తరికి అన్నం చేరడమే సాంఘిక న్యాయం.

అందరినీ సమానంగా చూస్తే చాలదా అని కొందరు విద్యావంతులు ప్రశ్నిస్తారు. ఈ ప్రశ్న నేటిది కాదు. మన కడప జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో, కళాశాల సీట్లను కులమతాల వారీగా పంచిన ప్రభుత్వ ఉత్తర్వు చెల్లదని 1951లో చంపకం దొరైరాజన్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. అదే సంవత్సరం పార్లమెంటు రాజ్యాంగాన్ని మొదటిసారి సవరించి, సాంఘికంగా, విద్యాపరంగా వెనుకబడిన వర్గాలకు ప్రత్యేక ఏర్పాట్లు చేసే అధికారాన్ని 15వ అధికరణంలో చేర్చినది. అసమానులను సమానులుగా ఎంచడం అన్యాయాన్ని కొనసాగించడమే.

అయితే వెనుకబాటును కొలిచేది దేనితో? పులివెందుల శాసనసభ్యులైన వై.యస్. రాజశేఖరరెడ్డిగారు ముఖ్యమంత్రిగా ఉండగా, ముస్లిములందరికీ కలిపి 2004లోనూ 2005లోనూ ప్రకటించిన 5 శాతం రిజర్వేషన్ హైకోర్టులో నిలువలేదు. పి.యస్. కృష్ణన్ నివేదిక, వెనుకబడిన తరగతుల కమిషన్ పరిశీలన జరిగిన పిమ్మట 2007లో వచ్చిన చట్టం పద్ధతి మార్చినది. సయ్యద్, మొగల్, పఠాన్ మొదలైనవారిని మినహాయించి షేక్, ఫకీరు, ఖురేషీ, అత్తరు సాయిబులు వంటి వర్గాలకు 4 శాతం కేటాయించినది. దూదేకులవారు అంతకు ముందే వెనుకబడిన తరగతుల జాబితాలో ఉన్నారు. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు ఈ చట్టాన్నీ కొట్టివేయగా, మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో దానిని కొనసాగనిచ్చి, విషయాన్ని రాజ్యాంగ ధర్మాసనానికి నివేదించినది.

తీర్పుల మాట ఎట్లున్నా ఈ చరిత్రలో ఒక పాఠమున్నది. అడగవలసిన ప్రశ్న "నీ దేవుడెవరు?" అన్నది కాదు, "నీ తాత ఏ పని చేసి బ్రతికాడు? ఆ పనిని చూసి ఊరు అతనిని ఏ బంతిలో కూర్చోబెట్టినది?" అన్నది. ఆ ప్రశ్నకు సమాధానంగా వచ్చిన సీటు దయ కాదు, హక్కు. దానిని పొందిన విద్యార్థి తలవంచుకోనక్కరలేదు.

కాని అదే కొలబద్దను మన ఇండ్లకూ పెట్టాలి. వీరపునాయునిపల్లె వంటి పల్లెలో కొడుకును ప్రొద్దుటూరు కళాశాలకు పంపి, కూతురిని ఏడవ తరగతితోనే బడి మాన్పించే ఇల్లు ఏ మతానిదైనా, ఆ ఇంటిలోనే ఒక కడబంతి ఉన్నది. ప్రభుత్వం నుండి న్యాయం కోరే మనం ఆ బిడ్డకు ఏమని సమాధానం చెప్పగలం?

అల్పసంఖ్యాకులు తమ విద్యాసంస్థలను తామే నిర్వహించుకొనే హక్కును రాజ్యాంగం 30వ అధికరణంలో ఇచ్చినది. ఆ హక్కు మనలో బలవంతుల కోసమే కారాదు. ప్రవేశాల వేళ, ఫీజు రాయితీల వేళ, వంశంలో మొదటిసారిగా కళాశాల గడప త్రొక్కే బీద విద్యార్థిని, ముఖ్యంగా ఆడపిల్లను, ముందుగా గుర్తించవలసినదని కళాశాల సంఘంవారికి నా మనవి.

విద్యార్థి మిత్రులారా! రేపు మీలో కొందరు ఉపాధ్యాయులౌతారు, కొందరు అధికారులౌతారు. వడ్డించే గరిటె మీ చేతికి వస్తుంది. ఆనాడు మనవాడెవడని వెదకక, కడబంతి దాకా నడవండి.